విద్యార్థికి విద్యార్థి చేయూత
(అమెరికాలోని ఒక సైకిల్ పందెం నేర్పే పాఠం)

చదువుకు అయ్యే ఖర్చును ఎవరు భరించాలి అన్నది చాల పాత ప్రశ్న. కన్నవారు భరించాలని కొందరు, ప్రభుత్వం భరించాలని కొందరు, దాతలు భరించాలని మరికొందరు సమాధానం చెబుతూ వచ్చారు. ఈ మూడు సమాధానాలలోను విద్యార్థి పుచ్చుకొనేవాడే గాని ఇచ్చేవాడు కాడు. తోటి విద్యార్థి చదువుకు తాను కూడ బాధ్యుడేనన్న ఊహ వాటిలో లేదు. ఆ ఊహను ఆచరణలో పెట్టి, డెబ్బది సంవత్సరాలకు పైగా నిలుపుకొన్న ఒక విద్యాసంస్థ ఉదాహరణను ఈ వ్యాసంలో పరిశీలింతము. ఆ సంస్థ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఇండియానా విశ్వవిద్యాలయం. అక్కడి విద్యార్థులు ఎంచుకొన్న సాధనం సైకిల్ పందెం. దాని పేరు ‘లిటిల్ 500’.

యుద్ధానంతర విశ్వవిద్యాలయం

అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతంలో ఇండియానా ఒక రాష్ట్రం. దాని ముఖ్య పట్టణం ఇండియానాపొలిస్. అక్కడికి దక్షిణంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో బ్లూమింగ్‌టన్ అనే పట్టణం ఉన్నది. 1820లో స్థాపితమైన ఇండియానా విశ్వవిద్యాలయం ఇక్కడనే వర్ధిల్లింది. ఇది ప్రభుత్వ విశ్వవిద్యాలయం. అయినను ప్రభుత్వ విశ్వవిద్యాలయమంటే ఉచిత విద్య అని అమెరికాలో అర్థం కాదు. బోధనా రుసుము, వసతి, భోజనం, పుస్తకాలు — వీటి భారంలో పెద్ద భాగం విద్యార్థి కుటుంబం మీదనే పడుతుంది.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసే వరకు కళాశాల విద్య అమెరికాలో సైతం కలిగినవారి బిడ్డలకే ఎక్కువగా అందుబాటులో ఉండేది. 1944లో అమెరికా శాసనసభ ‘జి.ఐ. బిల్లు’ అని ప్రసిద్ధమైన చట్టాన్ని ఆమోదించింది. యుద్ధం నుండి తిరిగి వచ్చిన సైనికుల చదువు ఖర్చును ప్రభుత్వం భరించటానికి ఈ చట్టం వీలు కల్పించింది. దాని ఆసరాతో సుమారు 22 లక్షల మంది కళాశాలలలో చేరారు. 1947 నాటికి అమెరికా కళాశాలలలోని విద్యార్థులలో దాదాపు సగం మంది మాజీ సైనికులే. రైతుల కుమారులు, కర్మాగారపు కార్మికుల కుమారులు మొదటిసారిగా విశ్వవిద్యాలయపు మెట్లు ఎక్కారు.

కాని సైనికుడు కాని పేద విద్యార్థి మాటేమిటి? అతనికి ఈ చట్టం వర్తించదు. కేంద్ర ప్రభుత్వం విద్యార్థులకు అప్పులిచ్చే పథకం 1958లో గాని రాలేదు. చదువుకుంటూ పని చేసేవారి వేతనానికి కేంద్రం తోడ్పడే పథకం 1964లో వచ్చింది. పేదవారికి తిరిగి చెల్లించనక్కరలేని కేంద్ర సహాయం 1965లో ఏర్పడింది. అంటే 1950 ప్రాంతంలో సాధారణ పేద విద్యార్థికి తన రెక్కల కష్టమే ఆధారం. పగలు తరగతులకు పోయి, సాయంకాలం భోజనశాలలలో పళ్ళేలు కడిగి, అంగళ్ళలో సరుకులు మోసి చదువు నెట్టుకొని రావలసిన స్థితి అది. లిటిల్ 500 పుట్టినది ఈ సంధికాలంలో.

పందెం పుట్టుక

ఇండియానాపొలిస్ పేరు చెప్పగానే మోటారు కార్ల పందెం గుర్తుకు వస్తుంది. 1909లో నిర్మించిన అక్కడి పందెపు బాట చుట్టుకొలత రెండున్నర మైళ్ళు. 1911 నుండి అక్కడ 500 మైళ్ళ పందెం జరుగుతున్నది. కార్లు 200 చుట్లు తిరగాలి. సాధారణంగా 33 కార్లు బరిలో ఉంటాయి. 1919లో ఈ పందెంలో గెలుపొందినవాడు హోవర్డ్ విల్కాక్స్. ఆయనను అందరు ‘హౌడీ’ అని పిలిచేవారు. ఆయన 1923లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆల్టూనాలో పందెం నడుపుతూ ప్రమాదానికి గురియై మరణించాడు.

ఆయన కుమారుని పేరు కూడ హోవర్డ్ విల్కాక్సే. ఆయనకు కూడ ‘హౌడీ’ అన్న పేరే నిలిచింది. తండ్రి వేగానికి బలియైనను, కుమారుడు పందెం అనే ఊహను విడువలేదు. దానిని మరొక ప్రయోజనానికి మళ్ళించాడు. ఇండియానా విశ్వవిద్యాలయానికి విరాళాలు సేకరించటానికి 1936లో ఒక ఫౌండేషన్ ఏర్పడి ఉన్నది. చిన్న విల్కాక్స్ దానికి కార్యనిర్వాహక అధికారి. విద్యార్థులను కూడ ఈ పనిలోకి తీసుకొని రావాలని ఆయన సంకల్పించి, విద్యార్థుల ఫౌండేషన్ అనే విభాగానికి రూపకల్పన చేశాడు. ఒకనాడు విద్యార్థి వసతిగృహం చుట్టు కొందరు యువకులు సైకిళ్ళ మీద పోటీపడి తిరుగుతుండగా, తోటివారు కేకలతో ప్రోత్సహించటం ఆయన కంట బడినదని చెబుతారు. ఇండియానాపొలిస్ పందెానికి చిన్న ప్రతిరూపాన్ని సైకిళ్ళతో విశ్వవిద్యాలయంలోనే ఎందుకు నిర్వహించరాదు? చూడవచ్చేవారి టిక్కెట్ల డబ్బును పేద విద్యార్థుల వేతనాలకు ఎందుకు వినియోగించరాదు? ఈ ఆలోచన ఫలితంగా 1951లో మొదటి పందెం జరిగింది.

పందెం జరిగే తీరు

చుట్టుకొలత పావు మైలు, అంటే సుమారు 400 మీటర్లు గల బాట మీద 200 చుట్లు తిరగటమే పురుషుల పందెం. మొత్తం దూరం 50 మైళ్ళు, అంటే 80 కిలోమీటర్లు. జట్టుకు నలుగురు. ఇండియానాపొలిస్‌లో వలెనే ఇక్కడ కూడ 33 జట్లకు స్థానం కల్పిస్తారు. అంతకంటె ఎక్కువ జట్లు ముందుకు వస్తే, అర్హత పరీక్షలో కాలాన్ని లెక్కించి ఎంపిక చేస్తారు. బాట నేల కాల్చిన బొగ్గు రజను పరచినది. దానిమీద మలుపు తిరిగేటప్పుడు ఏమాత్రం ఆదమరచినా చక్రం జారుతుంది. ఒకరు పడితే వెనుక వచ్చే పదిమంది పడటం అరుదు కాదు.

ఈ పందెంలో గమనింపదగిన విశేషం సైకిల్. జట్లన్నీ ఒకే విధమైన సైకిల్ వాడాలన్నది నియమం. దానికి గేర్లు మార్చే వీలు లేదు. ముందు పళ్ళచక్రానికి 46 పళ్ళు, వెనుక దానికి 18 పళ్ళు. అంటే పెడల్ ఒకసారి పూర్తిగా తిప్పితే వెనుక చక్రం రెండున్నర సార్లకు కొంచెం పైగా తిరుగుతుంది. చేతి బ్రేకులు లేవు. పెడళ్ళను వెనుకకు తొక్కితే సైకిల్ ఆగుతుంది. పెడళ్ళు కూడ మామూలు పలక పెడళ్ళే. ధనవంతుని కుమారుడు ఎంత విలువైన యంత్రాన్ని కొనగలిగినా దానిని ఇక్కడికి తేవటానికి వీలు లేదు. భేదమంతా కాళ్ళ బలంలోను, సాధనలోను, జట్టు పొందికలోను మాత్రమే కనబడుతుంది.

నలుగురూ ఒకరి తరువాత ఒకరు సైకిల్ అందుకోవాలి. అలసినవాడు జోరుగా వచ్చి దిగగానే, పక్కన పరుగెత్తుతున్న సహచరుడు అదే సైకిల్ మీదికి ఎగిరి కూర్చుంటాడు. పురుషుల పందెంలో కనీసం పది మార్పిడులు జరిగి తీరాలి. చేతులు మారే ఆ క్షణంలోనే ఎన్నో పందెాలు గెలుపు ఓటములు నిర్ణయమైనవి. నలుగురూ సమానంగా పంచుకొంటే ఒక్కొక్కరికి 50 చుట్లు వస్తాయి. సమర్థుడైనవాడు అంతకంటె ఎక్కువ భారం మోయవచ్చు. 1962 పందెంలో డేవ్ బ్లేస్ అనే విద్యార్థి 200 చుట్లలో 139 చుట్లు తానే తొక్కి తన జట్టును గెలిపించాడు.

పాల్గొనేవారు అండర్‌గ్రాడ్యుయేట్ తరగతుల విద్యార్థులై, వృత్తిరీత్యా పందెాలు నడిపేవారు కాక ఉండాలి. గెలిచిన జట్టుకు దక్కేది కీర్తి. వేతనం దక్కేది మరొక విద్యార్థికి. ఈ పందెానికి ప్రాణం ఈ విభజనలోనే ఉన్నది.

ధనమూ, నిర్వహణా

వసంత ఋతువులో, ఏప్రిల్ నెలలో జరిగే ఈ పందెాన్ని చూడటానికి ఇరవై వేల మందికి పైబడి వస్తారు. టిక్కెట్ల అమ్మకం, జట్ల ప్రవేశ రుసుములు, వ్యాపార సంస్థల తోడ్పాటు, పూర్వ విద్యార్థుల విరాళాలు — ఇవి ఆదాయ మార్గాలు. పందెపు ఖర్చులు పోగా మిగిలిన ధనం, చదువుకుంటూనే పని చేసి సంపాదించుకొనే విద్యార్థులకు ఉపకార వేతనాలుగా వెళుతుంది. 1951 నుండి ఈ విధంగా సమకూరిన మొత్తం పది లక్షల డాలర్లకు మించినది.

వేతనం ఎవరికి ఇవ్వాలన్న నిర్ణయంలోనే ఒక దృష్టి వ్యక్తమవుతున్నది. మార్కులలో మొదట నిలిచినవారికి బహుమానాలు ఎక్కడైనా ఉంటాయి. ఆటలో గెలిచినవారికి పతకాలు ఉంటాయి. సాయంకాలమంతా పని చేసి, రాత్రి పొద్దుపోయాక పుస్తకం పట్టే విద్యార్థి ఈ రెండు పంక్తులలోను వెనుకబడవచ్చు. అతని శ్రమను అర్హతగా గుర్తించటం ఈ వేతనం ప్రత్యేకత. సహాయం పొందినవాడు తన పేదరికానికి గాక తన కష్టానికి గౌరవం లభించినదని భావించగలడు. దానం పుచ్చుకొనేవాని తల వంగకుండ చూడటం దాతకు గల ధర్మాలలో మొదటిది గదా!

ఇక నిర్వహణ. పందెానికి సంబంధించిన పనులన్నిటిలో విద్యార్థుల సంఘాలు భారం వహిస్తాయి. విశ్వవిద్యాలయపు ఉద్యోగులు కొద్దిమంది వెనుక నిలిచి మార్గం చూపుతారు. జట్ల నమోదు, అర్హత పరీక్ష, ప్రచారం, టిక్కెట్లు, ప్రేక్షకుల వసతి, పూర్వ విద్యార్థులతో సంబంధాలు — ఇన్ని పనులను ఇరవై ఏళ్ళ యువతీయువకులు కమిటీలుగా ఏర్పడి నెరవేరుస్తారు. పందెగాళ్ళ తరఫున మాట్లాడే మండలి మరొకటి ఉన్నది.

విద్యార్థుల సంస్థకు సహజమైన బలహీనత ఒకటి ఉన్నది. నాలుగు సంవత్సరాలు గడిచేసరికి సభ్యులందరూ మారిపోతారు. పని నేర్చినవాడు పట్టా పుచ్చుకొని వెళ్ళిపోతాడు. మన కళాశాలలలో ఎంతో ఉత్సాహంతో మొదలైన సంఘాలు రెండు మూడేళ్ళకే పేరు కూడ మిగలకుండ పోవటం అందరూ చూసినదే. ఇండియానాలో దీనికి వారు కనుగొన్న ఉపాయం సామాన్యమైనది: చిన్న తరగతివారు పెద్ద తరగతివారి పక్కన నిలిచి పని నేర్చి, మరుసటి ఏడు బాధ్యత స్వీకరిస్తారు, లెక్కలు ఫౌండేషన్ ద్వారా నడుస్తాయి, వెళ్ళిపోయినవారు పూర్వ విద్యార్థులుగా తిరిగి వచ్చి తోడ్పడతారు. పందెంలో సైకిల్ చేతులు మారినట్లే సంస్థ కూడ ఒక తరం నుండి మరొక తరానికి చేతులు మారుతున్నది.

రాయి చెక్కినవారు, లోపల చదివినవారు

ఈ పందెం ప్రపంచానికి తెలిసినది ఒక చలనచిత్రం ద్వారా. ‘బ్రేకింగ్ అవే’ అనే ఈ చిత్రం 1979లో విడుదలైంది. దర్శకుడు పీటర్ యేట్స్. కథ వ్రాసిన స్టీవ్ టెసిచ్ యుగోస్లావియాలో జన్మించి, బాల్యంలోనే అమెరికాకు వలస వచ్చి, ఇండియానా విశ్వవిద్యాలయంలో చదివినవాడు. పైన పేర్కొన్న డేవ్ బ్లేస్ ఆయన మిత్రుడు. చిత్రకథకు గాను టెసిచ్‌కు ఆస్కార్ బహుమతి లభించింది.

చిత్రం చెప్పే విషయం పందెం కంటె లోతైనది. బ్లూమింగ్‌టన్ పరిసరాలు సున్నపురాయికి ప్రసిద్ధి. మన కడప, తాండూరు నాపరాళ్ళు కూడ సున్నపురాయి జాతివే. ఇండియానా రాయి న్యూయార్కులో 1931లో పూర్తియైన ఎంపైర్ స్టేట్ భవనానికి పైతొడుగుగా నిలిచింది. విశ్వవిద్యాలయపు భవనాలు కూడ ఆ రాతితోనే వెలసినవి. గనులలో ఆ రాయి తీసి చెక్కినవారు పట్టణంలోని కార్మికులు. తాను చెక్కిన రాతితో లేచిన భవనంలోకి అడుగుపెట్టటానికి తానే సంకోచించే ఒక తండ్రి, అక్కడ తనకు చోటు లేదనుకొనే అతని కుమారుడు — ఇది చిత్రానికి కేంద్రం. కుమారుడు, అతని ముగ్గురు మిత్రులు ‘కట్టర్స్’ అనే పేరుతో జట్టుగా ఏర్పడి లిటిల్ 500లో గెలుస్తారు. ‘రాళ్ళు చెక్కేవాళ్ళు’ అన్న ఎత్తిపొడుపునే వారు బిరుదుగా ధరిస్తారు.

కథలోని పేరు తరువాత నిజమైంది. 1984లో కొందరు విద్యార్థులు అదే పేరుతో జట్టు ఏర్పరచారు. గ్రీకు అక్షరాల పేర్లు గల విద్యార్థి సోదర సంఘాలకు చెందనివారు అందులో చేరేవారు. ఆ సంఘాలకు సొంత ఇండ్లు, పూర్వ సభ్యుల అండ, ధనబలం ఉంటాయి. అవి లేని ఈ జట్టు ఎన్నోసార్లు గెలిచింది. 2007 నుండి 2011 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు గెలుపు దానిదే.

ఈ కథ మన దేశానికి కూడ వచ్చింది. 1992లో మన్సూర్ ఖాన్ దర్శకత్వంలో వచ్చిన ‘జో జీతా వహీ సికందర్’ అనే హిందీ చిత్రంలో డెహ్రాడూన్‌లోని స్థానిక యువకునికీ, ధనికుల కళాశాలకూ నడుమ సైకిల్ పందెం జరుగుతుంది. ‘బ్రేకింగ్ అవే’తో దానికి గల పోలికలను విమర్శకులు ఎత్తిచూపారు. ఆ హిందీ చిత్రం ఆధారంగా 1999లో తెలుగులో ‘తమ్ముడు’ వచ్చింది. అందులో సైకిల్ పోయి కిక్‌బాక్సింగ్ ప్రవేశించింది. బ్లూమింగ్‌టన్ నుండి డెహ్రాడూన్ మీదుగా తెలుగునాడు చేరేసరికి పోటీ మిగిలింది, పేద-ధనిక భేదం మిగిలింది. ఆ పోటీ వలన ఒకరి చదువు సాగుతుందన్న మాట మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది. నిజానికి దిగుమతి చేసుకోదగినది అదే.

విద్యార్థినుల పోరాటం

మొదటి ముప్పది ఏడు సంవత్సరాలు ఈ పందెం పురుషులదే. 1955లో విద్యార్థినుల కొరకు ‘మినీ 500’ అనే పోటీని ఏర్పరచారు. అది మూడు చక్రాల సైకిళ్ళ పోటీ. చిన్నపిల్లల బండ్ల మీద యువతులను తిప్పి నవ్వుకొనటాన్ని సమాన అవకాశమని ఎవరూ అనలేరు. 1987లో కాపా ఆల్ఫా థీటా అనే విద్యార్థినుల సంఘపు జట్టు పురుషుల పందెంలోనే స్థానం కొరకు అర్హత పరీక్షకు నిలిచింది. స్థానం దక్కలేదు. అయినను ఆ ప్రయత్నం వృథా కాలేదు. మరుసటి సంవత్సరం, 1988లో, విద్యార్థినులకు ప్రత్యేకంగా లిటిల్ 500 ప్రారంభమైంది. దానిలో 100 చుట్లు, అంటే 25 మైళ్ళు. కనీసం ఐదు మార్పిడులు. వేతనాలు పొందే విద్యార్థులలో యువతులు ఉండగా పందెంలో వారికి చోటు లేకపోవటం అనే అసంగతం అంతటితో తొలగింది.

పొరుగు విశ్వవిద్యాలయం

ఇదే రాష్ట్రంలో వెస్ట్ లాఫయెట్ పట్టణంలో పర్డ్యూ విశ్వవిద్యాలయం ఉన్నది. సాంకేతిక విద్యకు పేరు పొందిన ఈ సంస్థ విద్యార్థులు 1958లో ‘గ్రాండ్ ప్రీ’ అనే పోటీని ప్రారంభించారు. ఇక్కడ సైకిళ్ళకు బదులు గో-కార్ట్‌లు, అనగా నేలకు ఆనినట్లుండే చిన్న మోటారు బండ్లు. బరిలో 33 బండ్లు నిలుస్తాయి. 160 చుట్లు తిరగాలి. ఇంజనీరింగ్ విద్యార్థికి బండిని సిద్ధం చేయటమే ఒక పాఠం. ఈ పోటీని కూడ విద్యార్థులే నడుపుతారు. దీని లక్ష్యం కూడ విద్యార్థి వేతనాలే. ఆ ప్రాంతపు మోటారు పందెాల అభిరుచిని ఒక విశ్వవిద్యాలయం కండరాల బలానికి, మరొకటి యంత్ర నైపుణ్యానికి జోడించినవి. దీనివలన తెలియవచ్చేదేమంటే, ప్రతి సంస్థా తన నేలలో మొలిచే విత్తనాన్నే నాటుకోవాలి.

నాణెానికి రెండవ వైపు

మంచిని చెప్పి మచ్చను దాచటం అధ్యయనం అనిపించుకోదు. పందెం జరిగే వారం బ్లూమింగ్‌టన్‌లో విందుల వారం కూడ. మితిమీరిన మద్యపానం, రాత్రివేళల అల్లర్లు విశ్వవిద్యాలయానికీ, పట్టణ పోలీసులకూ ఏటేటా చిక్కు తెచ్చిపెడుతున్నవి. వేడుకకు వచ్చిన వేలాది మందిలో, ఆ టిక్కెట్టు డబ్బు ఎవరి చదువుకు పోతున్నదో ఎరిగినవారు ఎందరన్నది అనుమానమే. ఉత్సవం పెరిగినకొద్దీ ఉద్దేశం మరుగున పడటం ఏ జాతరకైనా ఉన్న ప్రమాదం.

రెండవ పరిమితి ఇంకా పెద్దది. అమెరికాలో చదువు ఖర్చు విపరీతంగా పెరిగిపోయింది. 2020 తరువాతి సంవత్సరాలలో ఆ దేశపు విద్యార్థి రుణాల మొత్తం 1.6 లక్షల కోట్ల డాలర్లను దాటింది. ఆ సముద్రం ముందు సైకిల్ పందెం సమకూర్చే ధనం ఒక దోసెడు నీరు. 2020లో కోవిడ్ మహమ్మారి వలన పందెమే రద్దయింది. విద్య పొందే హక్కును ఉత్సవాల రాబడి మీద ఆధారపరచరాదని దీనివలన స్పష్టమవుతున్నది. ప్రభుత్వం చేయవలసిన పనికి విద్యార్థుల చేయూత తోడు కాగలదే గాని బదులు కాజాలదు.

మన అనుభవం

పేద విద్యార్థిని సంఘం ఆదుకొనటం మనకు కొత్త కాదు. రోజుకొక ఇంట భోజనం చేసి చదువుకొనే ‘వారాల’ పద్ధతి తెలుగునాట ఎందరో పండితులను, అధికారులను తయారుచేసింది. అయితే ఆ అన్నంలో ఆదరంతో పాటు అవమానం కూడ కలిసి ఉండేది; పైగా అది అన్ని కులాల పిల్లలకు అందినది కాదు. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో వసతిగృహాలు ఈ లోటును కొంత పూరించినవి. హైదరాబాదులో 1918లో వెలసిన రెడ్డి హాస్టల్ నిజాం పాలనలోని తెలుగు విద్యార్థులకు ఆశ్రయమైంది. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మెట్రిక్యులేషన్ తరువాతి చదువుకు కేంద్ర ప్రభుత్వ వేతనాలు 1944లో మొదలైనవి.

ఇండియానా ప్రయోగానికి మన దేశంలో దగ్గరి బంధువును చెప్పవలసివస్తే మహారాష్ట్రలోని కర్మవీర్ భావురావ్ పాటిల్ కృషిని చెప్పాలి. ఆయన 1919లో రయత్ శిక్షణ్ సంస్థను స్థాపించాడు. 1924లో సతారాలో ప్రారంభమైన ఆయన వసతిగృహంలో వివిధ కులాల, మతాల బాలురు ఒకే పంక్తిలో భుజించి, ఒకే కప్పు కింద నిదురించేవారు. 1927లో గాంధీజీ దానిని సందర్శించారు. పిల్లల తిండి గడవటానికి భావురావ్ భార్య లక్ష్మీబాయి తన నగలను అమ్ముకొన్నది. విద్యార్థి పని చేసి సంపాదించి చదువుకోవాలి, ఆ పనిలో చిన్నతనం లేదు అన్నది ఆ సంస్థ సూత్రం. బ్లూమింగ్‌టన్ పందెానికి పాతికేళ్ళ ముందే, మరొక దారిన, ఇదే గమ్యానికి మనవారు నడిచారు. అక్కడ శ్రమించే విద్యార్థికి తోటివారి చేయూత లభించింది. ఇక్కడ విద్యార్థులందరూ కలిసి శ్రమించారు.

గ్రహించవలసినది

ఈ పరిశీలన నుండి మనం గ్రహించవలసినవి మూడు.

మొదటిది: సహాయం మొత్తం చిన్నదైనా, అది వచ్చే దారి ముఖ్యమైనది. పక్క బల్ల మీద కూర్చున్నవాని కొరకు వంద రోజులు సాధన చేసి సైకిల్ తొక్కిన యువకుడు, టిక్కెట్ల లెక్క తప్పకుండ వ్రాసిన యువతి, తరువాతి జీవితంలో ఏ పదవిలో ఉన్నా సంఘం అనే మాటకు అర్థం ఎరిగి ఉంటారు. వేతనం పొందినది ఒకరైతే విద్య పొందినది పదిమంది.

రెండవది: సమానత్వాన్ని ఉపన్యాసంలో కాక నియమంలో పెట్టాలి. ‘అందరికీ ఒకే సైకిల్’ అన్న ఒక్క నియమం చేసిన మేలు వంద ఉపదేశాలు చేయలేవు. అదే విధంగా, ఎవరికి చోటు లేదో గమనించి నియమాన్ని సవరించుకోవాలి. విద్యార్థినుల పందెం ఇందుకు సాక్ష్యం.

మూడవది: ఉత్సాహం కంటె కొనసాగింపు కష్టం. లెక్కలు బహిరంగంగా ఉంచటం, పనిని వచ్చేవారికి నేర్పి వెళ్ళటం — ఈ రెండూ లేని ఏ విద్యార్థి నిధీ నిలువదు.

మన కళాశాలలలో వార్షికోత్సవాలకు, ఆటల పోటీలకు కొదువ లేదు. వాటిలో ఒక్కదానినైనా ఈ దృష్టితో నడిపి, మిగిలిన సొమ్ముతో సాయంకాలం పనికి పోయి చదువుకొనే ఒక సహాధ్యాయి పరీక్ష రుసుము చెల్లించగలిగితే, ఆ ఉత్సవం దీపాలు ఆరిన తరువాత కూడ వెలుగునిస్తుంది. అది సైకిల్ పందెమే కానక్కరలేదు. కబడ్డీ కావచ్చు, నాటకం కావచ్చు, పుస్తక ప్రదర్శన కావచ్చు. రాయి చెక్కినవాని బిడ్డ ఆ రాతి భవనంలోకి తల ఎత్తుకొని నడిచి రాగలిగినప్పుడే విశ్వవిద్యాలయం అన్న పేరు సార్థకమవుతుంది.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. 1944 నాటి జి.ఐ. బిల్లు వలన ఎవరికి మేలు కలిగింది? దాని పరిధిలోకి రానివారు ఎవరు?

2. లిటిల్ 500లో అందరూ ఒకే విధమైన సైకిల్ వాడాలన్న నియమం లేకపోతే ఏమి జరిగి ఉండేది?

3. మార్కులకు గాక శ్రమకు వేతనం ఇవ్వటంలోని ఔచిత్యాన్ని చర్చించండి.

4. సతారా వసతిగృహానికీ, బ్లూమింగ్‌టన్ పందెానికీ గల పోలికలు, భేదాలు వివరించండి.

5. మీ కళాశాలలో విద్యార్థి సహాయనిధి ఏర్పరచదలిస్తే, మీరు వెళ్ళిపోయిన తరువాత కూడ అది నిలవటానికి ఏ ఏర్పాట్లు చేస్తారు?